భయమేస్తే నవ్వే పిల్ల

పోయిన శుక్రవారం గుంటూరులో కంటి ఆసుపత్రికి వెళ్ళాను. కళ్ళలో చుక్కలు వేసి, నలభై నిమిషాలు మూసుకుని కూర్చోమన్నారు. ఇరవై రెండో నిమిషంలో గోడ మీది టీవీలో ఒక పాత డాన్సు కార్యక్రమం మొదలైంది. కళ్ళు మూసుకునే ఉన్నా, ఆ పాట వినగానే అది ఏ శనివారం నాటిదో తెలిసిపోయింది.

పక్క కుర్చీలో ఉన్నావిడ తన ఒళ్ళోని పాపతో, "ఏదీ, ఆ అక్క ఎట్టా చేస్తదో చెయ్యి," అంది.

నేను ఒక కన్ను తెరిచాను. అంతా మసగ్గా ఉంది. నాలుగేళ్ళ పాప మెడ పక్కకు వంచి, బుగ్గను భుజానికేసి ఒక్క తుడుపు తుడిచి, పళ్ళన్నీ కనపడేట్టు నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఆవిడ ఇప్పుడు టీవీలో రావట్లేదండీ," అంది పాప తల్లి నాతో. "దుబాయ్‌లో ఎవర్నో చేసుకుని అక్కడే ఉండిపోయిందంట."

అది తప్పు. తప్పు వింటే దిద్దకుండా ఉండలేని జబ్బు నాది. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెబితే అంటుకున్న జబ్బు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి లేచాను. మిగిలిన పద్దెనిమిది నిమిషాలూ కూర్చోకుండా, గోడ పట్టుకుని మెట్లు దిగి ఆటో ఎక్కాను. ఇల్లు చేరేదాకా నోటికి కొంగు అడ్డం పెట్టుకునే ఉన్నాను. నాకు భయం వేసింది ఆ టీవీని చూసి కాదు, నా నోటిని చూసి.

ఆ పిల్ల పేరు ఇక్కడ రాయను. అనకూడని చోట ఒకసారి అన్నాను, అది చాలు. మా ఊరు గుంటూరుకీ ప్రత్తిపాడుకీ మధ్య ఉన్న ఊళ్ళలో ఒకటనుకోండి. ఇందులో కొన్ని సంగతులు మార్చాను. అన్న అని రాసినవాడు అన్నే కావాలని లేదు. వాడు చదివినా తన గురించే అనుకోకుండా ఉండటానికి చాలినంత మార్చాను. తెలిసి తెలిసి తప్పు లెక్క రాయడం నాకిదే మొదలు. ఏవేవి మార్చానో అడగొద్దు.

ఆ పిల్ల మా బడికి ఆరో తరగతిలో వచ్చింది. నాలుగైదేళ్ళ ముందే పొదిలి అవతల మెట్ట ఊరి నుంచి మిరపకాయ కోతలకని వచ్చి, మా ఊరి చివర పాక వేసుకుని ఉండిపోయిన కుటుంబం. తండ్రి లేడు. తల్లి, ఏడేళ్ళు పెద్దవాడైన అన్న, ఈ పిల్ల. చింతబరికెలా ఉండేది. ఎక్కాలు అడిగితే ఏడుకి ఆగిపోయేది, తొమ్మిదికి ఆగిపోయేది. ఎనిమిదో ఎక్కం మాత్రం ఊపిరి తీసుకోకుండా చెప్పేది.

"ఇదొక్కటే ఎట్లా వచ్చిందే?" అని అడిగాను.

"ఎనిమిదికి కాలు పడతదండి," అంది.

అప్పట్లో అది నాకు జవాబుగా తోచలేదు.

ఒకరోజు ఇంటిలెక్కలు చేసుకురాని వాళ్ళను వరసగా నిలబెట్టాను. ఆరుగురు. ఐదుగురు చేతులు చాపకముందే ఏడుపు మొహాలు పెట్టారు. ఈ పిల్ల వంతు వచ్చేసరికి నవ్వింది. చిన్న నవ్వు కాదు, పెళ్ళి ఫోటోలో నవ్వినట్టు నిండుగా. నాకు ఒళ్ళు మండింది. స్కేలుతో ఒకటి వేశాను. నవ్వు పెద్దదైంది. ఇంకొకటి వేశాను. ఇంకా పెద్దదైంది. నాలుగో దెబ్బ తర్వాత నా చూపు ఎందుకో కిందికి పడింది. పరికిణీ అంచు అదురుతోంది. లోపల మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి.

స్కేలు బల్ల మీద పెట్టేశాను. బడి వదిలాక ఆ పిల్లను ఆపి అడిగాను.

"ఎందుకే అట్లా నవ్వుతావు?"

"భయమేస్తే వస్తదండి."

"భయమేస్తే ఏడుపు కదా రావాలి?"

"ఏడిస్తే మా అన్న ఇంకా కొడతాడండి. నవ్వితే చెయ్యి ఆగుద్ది."

ఇది చెబుతున్నప్పుడు మాత్రం మామూలుగానే ఉంది. ఆ తర్వాత బడిలో నేనెవరినీ కొట్టలేదు. కానీ ఆ నాలుగు దెబ్బలు మాత్రం వెనక్కి పోవు.

ఏడో తరగతిలో ఫిబ్రవరి రాగానే ఆ పిల్ల బడికి రావడం మానేసింది. వరసగా పంతొమ్మిది రోజులు. ఇరవయ్యో రోజు నేనే మిరప కళ్ళానికి వెళ్ళాను. ఎకరం నేల మీద ఎర్రగా పరిచిన కాయలు, వాటి మధ్య మూతికీ ముక్కుకీ గుడ్డలు చుట్టుకుని వరసల్లో కూర్చున్న ఆడవాళ్ళు. తొడిమలు తీస్తున్నారు, రంగు పోయిన తాలు కాయలు వేరుగా విసిరేస్తున్నారు. గాలి పీలిస్తే గొంతులో ముల్లు దిగినట్టుంది. మధ్యలో స్టీలు చెంబులో ఫోను పెట్టి పాట వేశారు. దాని పక్కన పట్టా మీద ఈ పిల్ల ఎనిమిదేసి అడుగుల లెక్కన ఎగురుతోంది.

"ఒసే, తాలుకాయా! అట్టా ఎగిరితే గాలికి పోతావే!" అందొక ముసలావిడ.

"పోనీలే పెద్దమ్మా, సినిమా వాళ్ళు ఏరుకుంటారు!" అందింకొకావిడ.

"టీచరమ్మొచ్చింది చూడవే. ఇక ఎక్కాలకి ఎగురు!"

అందరూ నవ్వారు. నేను గంభీరంగా ఒక కాయ చేతిలోకి తీసుకుని, విరిచి చూసి, తల్లితో హాజరు గురించి మొదలుపెట్టాను. ఎండకి చెమట పట్టింది. చేత్తో నుదురు తుడుచుకున్నాను. అంతే. కళ్ళలో నిప్పు పోసినట్టయింది. ముప్ఫై ఏళ్ళు మిరప ఊళ్ళో ఉంటూ చేసిన తెలివితక్కువ పని అది. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి, నన్ను తాకకుండా, నీళ్ళ చెంబు మోచేతుల మధ్య ఇరికించుకుని నా మొహం మీద నీళ్ళు వంచింది.

"చెయ్యి పెట్టకండి టీచర్ గారూ. మొహానికి చేతులు లేవనుకోండి. భుజం ఉందిగా!"

అని తల పక్కకు వంచి బుగ్గను భుజానికి తుడిచి చూపించింది. అక్కడి ఆడవాళ్ళందరూ చెమట అట్లాగే తుడుచుకుంటున్నారని అప్పుడు గమనించాను. ఆరేడేళ్ళ వయసు నుంచి కళ్ళంలో పెరిగిన పిల్ల కాబట్టి, బడిలో సుద్దముక్క పట్టుకున్నా, పెళ్ళి భోజనంలో కూర్చున్నా చెయ్యి మొహం దగ్గరికి వెళ్ళేది కాదు.

పదో తరగతి అయ్యాక హైదరాబాదు వెళ్ళిపోయింది. ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగమని తల్లి చెప్పింది. నెలకోసారి ఫోన్ చేస్తుందని, ఏడాదికోసారి వస్తుందని చెప్పింది. నేను నమ్మాను.

నాకు క్రికెట్ పిచ్చి. ప్రతి మ్యాచికీ నోటుబుక్కులో బంతి బంతికీ లెక్క వేస్తాను. నాతో ఉండే మా చెల్లెలు సుశీలకు ఇది చూస్తే చిరాకు.

"స్కోరు టీవీవాడే వేస్తాడుగా అక్కా. మళ్ళీ నీకెందుకు?"

"వాడు తప్పు వేస్తే?"

"వేస్తే ఏం, నిన్నొచ్చి అడుగుతాడా?"

ఏప్రిల్‌లో ఒక మ్యాచి. పధ్నాలుగో ఓవరు, మూడో బంతి, సిక్స్. కెమెరా గీత దాటి ఎగిరే చీర్ లీడర్ల మీదికి వెళ్ళింది. ఎనిమిది మంది అమ్మాయిలు. ముగ్గురు కింద నిలబడి ఒక పిల్లను చేతుల మీద పైకెత్తారు. బంగారు రంగు విగ్గు, బుగ్గల మీద మెరుపులు, చేతుల్లో కాగితపు కుచ్చులు. ఆ కుచ్చులు పట్టుకునే, ఆ ఎత్తులోనే, ఆ పిల్ల తల వంచి బుగ్గను భుజానికి తుడుచుకుంది. మూడు సెకన్లు. మళ్ళీ ఆట.

ఆ ఓవరులో తర్వాతి రెండు బంతులకు నా నోటుబుక్కులో గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

ఆగస్టులో ఆ పిల్ల ఊరికి వచ్చింది. ఆదివారం పొద్దున పదింటికి మా ఇంటికొచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. నేను ఉపోద్ఘాతం లేకుండా, "పధ్నాలుగో ఓవరు, మూడో బంతి," అన్నాను. వెంటనే నవ్వింది. ఆ నవ్వు చూసి నేను మోకాళ్ళ వంక చూశాను.

"ఎవరికన్నా చెప్పారా టీచర్ గారూ?"

"చెప్పలేదు. నువ్వు చెప్పు. ఏం పని అది?"

"సిక్స్ కొడితే ఎగరాలండి. వికెట్ పడితే ఎగరాలండి. మనోళ్ళు ఓడిపోతుంటే ఇంకా ఎక్కువ నవ్వాలండి. ఆ నవ్వడం మిగతావాళ్ళకి కష్టమండి. నాకు రాత్రీపగలూ అలవాటే కదా."

"అంత ఎత్తున నిలబెడతారే, పడతానని భయం లేదా?"

"కింద ముగ్గురున్నారండి. పైకెక్కినాక భయముండదు. కెమెరా తిరిగినప్పుడే." కొంచెం ఆగింది. "మా అన్న సెంటర్లో టీ హోటల్లో కూర్చుని మ్యాచిలు చూస్తాడండి, వాడూ వాడి నేస్తాలూ. నిన్న నాతోనే అంటాడు, 'హైదరాబాదులో ఉంటావుగా, ఆ ఎగిరే పిల్లల్ని దగ్గర్నుంచి చూశావా?' అని. వాళ్ళు కనపడితే అందరూ ఈలలేస్తారంట. అంటే నాక్కూడా వేసే ఉంటాడు కదండీ."

సుశీల మంచినీళ్ళు తెచ్చి, ఆ మాట విని, గ్లాసు పట్టుకునే నిలబడిపోయింది.

"తెలిస్తే నన్ను బతకనివ్వడు టీచర్ గారూ. ఎగిరినందుకు కాదు. ఈల వేసినందుకు."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. నా మాటకి ఊళ్ళో విలువుంది. అది ఆ పిల్లకి తెలుసు.

తర్వాతి ఏడాది జరిగింది ఎవరూ ఊహించనిది. మైదానంలో కెమెరా పట్టేవాళ్ళకు ఆ భుజం తుడుపు నచ్చింది. సిక్స్ పడితే ముందు ఆ పిల్ల వైపే తిప్పేవాళ్ళు. ఎవరో ఆ మూడు సెకన్లను కత్తిరించి పాట జోడించి ఫోన్లలో వదిలారు. పెళ్ళిళ్ళలో చేశారు, కాలేజీ పిల్లలు చేశారు, ఒక ఆటగాడు వికెట్ తీసి తనే చేశాడు. టీవీవాళ్ళు పిలిచి డాన్సు పోటీలో పెట్టారు. కొత్త పేరు పెట్టారు. ముంబైలో పుట్టి పెరిగిందన్నారు. విగ్గు తీసేసినా, జుట్టు కత్తిరించి రంగు వేసి, కనుబొమ్మలు మార్చి, ఆ పిల్లను ఇంకొకరిని చేశారు. తెలుగు కూడా వచ్చీరానట్టు మాట్లాడించేవాళ్ళు. పదమూడు శనివారాలు చూశాను. న్యాయనిర్ణేతలు మార్కులు చెప్పబోయే ముందు అందరూ కళ్ళు మూసుకునేవాళ్ళు, ఈ పిల్ల నవ్వేది. "ఎంత ధైర్యం! ఏ ఒత్తిడిలోనూ చెక్కుచెదరని చిరునవ్వు," అనేవాడు యాంకరు. నేను సోఫా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చునేదాన్ని.

పోటీలో గెలిచింది, ఆ శనివారం కార్యక్రమంలోనే వారం వారం కనపడే మనిషైంది. తర్వాత సినిమాలో ఒక పాట. ఆ పాటతో బస్టాండుల్లో, లారీల వెనక, మిరపకాయల టిక్కీ బస్తాలు మోసే ఆటోల మీద కూడా ఆ మొహమే. తల్లి రోజూ ఆ బొమ్మల పక్కనుంచే కళ్ళానికి నడిచి వెళ్ళేది. కూతురు ఆసుపత్రిలో చీటీలు రాస్తోందనే అనుకునేది.

ఇక నేను చేసిన పని.

జూన్. పత్తి విత్తనాల కోసం ఊళ్ళో రైతులందరూ కొట్టు దగ్గర మూగే రోజులు. మా పొలం కౌలుకు చేసే అతను రాలేక నన్ను వెళ్ళమన్నాడు. కొట్లో టీవీలో ఆ పాట వస్తోంది. బల్ల వెనకున్న కుర్రాడు అందరికీ వివరిస్తున్నాడు.

"ఈమెది బాంబే అండి. ఆ భుజం ఊపుడు అక్కడి క్లబ్బుల్లో నేర్చుకున్నదే. మనోళ్ళకి అట్టాంటివి యాడొస్తయ్యి?"

బోర్డు మీద తప్పు లెక్క చూసినప్పుడు నా చెయ్యి తనంతట తను సుద్దముక్క వైపు ఎట్లా వెళ్ళేదో, నోరు అట్లా తెరుచుకుంది.

"తప్పు. అది మిరప కళ్ళం అలవాటు. కారం చేతులతో మొహం ముట్టుకోరు. ఆ పిల్ల నా దగ్గర ఏడో తరగతి చదువుకుంది."

అక్కడితో ఆగినా సరిపోయేది. కుర్రాడు నవ్వాడు. "మీరు భలేవారు టీచర్ గారూ! ఎవరనుకుని ఎవరంటున్నారో!" అన్నాడు. నేను పొరబడ్డానని అనేసరికి ఆగలేకపోయాను. ఇంటిపేరుతో సహా చెప్పాను. ఫలానా వాడి చెల్లెలని చెప్పాను.

అందరి తలలూ నా వైపు తిరిగాయి. అప్పుడు లెక్కపెట్టాను. పదకొండు మంది ఉన్నారు.

మర్నాడు పొద్దున ఆరూ నలభైకి గేటు చప్పుడైంది. అన్న. వాడికి కూడా ఎనిమిదో తరగతిలో నేనే చెప్పాను. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని, వసారాలో నిలబడ్డాడు. ఫోను నా ముందు పెట్టాడు.

"టీచర్ గారూ, ఊళ్ళో ఏవేవో అంటున్నారు. మీరు అబద్ధమాడరు. మీ నోటితో చెప్పండి. ఇది మా చెల్లేనా?"

కాదు అనొచ్చు. ముసలిదాన్ని, చూపు ఆనలేదు అనొచ్చు. నా నోరు అట్లాంటి మాటలకు అలవాటు పడలేదు. దాన్ని అప్పటిదాకా గొప్పతనమే అనుకున్నాను.

"అవును," అన్నాను.

వాడు అరవలేదు. అరుగు మీద కూర్చున్నాడు. "పదిమందిలో ఈల వేశానండి," అన్నాడు. "ఒకసారి కాదు." తర్వాత లేచి మంచినీళ్ళు అడిగి తాగి, గ్లాసు బోర్లించి వెళ్ళాడు. తొమ్మిదింటి బస్సుకి హైదరాబాదు వెళ్ళాడని మధ్యాహ్నం తెలిసింది.

ఆ పిల్ల ఇచ్చిన నంబరుకి ఆ రోజు ఇరవై మూడుసార్లు చేశాను. ఆపేసి ఉంది. తొమ్మిది రోజులు ఆపేసే ఉంది. పేపరు రాగానే జిల్లా పేజీ తీసి వేలు పెట్టి వరస వరసా వెతికేదాన్ని. దొరక్కపోతే ఊపిరి వదిలేదాన్ని, మళ్ళీ మర్నాటి పేపరు కోసం భయపడేదాన్ని. ఆ శనివారం కార్యక్రమంలో ఆ పిల్ల లేదు. సుశీల ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. ఒక్కసారే అంది: "ఆ కుర్రాడి మాట నెగ్గితే నీకేం పోయిందే అక్కా?"

రెండో శనివారం ఆ పిల్ల కనిపించింది. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది. నవ్వింది. యాంకరు మాట్లాడుతున్నా నవ్వింది, పక్కవాళ్ళు మాట్లాడుతున్నా నవ్వింది, కార్యక్రమం చివర పేర్లు పడుతున్నా నవ్వుతూనే ఉంది.

"బతికుంది," అంది సుశీల చేతులు జోడించి.

నేను ఆ జాకెట్టు చేతుల వంక చూస్తున్నాను.

తర్వాతి సంగతులు ఊరంతా మెచ్చుకున్నవే. అన్న చెల్లెలి దగ్గరే ఉండిపోయాడు. ఎక్కడికి రావాలి, ఎవరితో మాట్లాడాలి, ఏ బట్టలు కట్టాలి, అన్నీ తనే. టీ హోటల్లో ఈల వేసిన నేస్తాలకు ఆ పిల్లతో ఫోటోలు తీయించాడు. తల్లి కళ్ళానికి వెళ్ళడం మానేసింది. ఒకరోజు నాకు బూందీ లడ్లు తెచ్చిచ్చింది.

"మీ నోటి చలవే టీచరమ్మా. మీరు చెప్పబట్టే అన్నాచెల్లెళ్ళు ఒకచోట జేరారు."

ఆ పొట్లం మూడు రోజులు బల్ల మీద అట్లాగే ఉంది. నాలుగో రోజు సుశీల చీమలు పట్టాయని పారేసింది.

మరుసటి దసరాకి గుంటూరులో ఒక బట్టల దుకాణం తెరవడానికి ఆ పిల్ల వచ్చింది. నేను వెళ్ళాను. రోడ్డు మీద మూడు వేల మంది ఉంటారు, నిలబడే జాగాను బట్టి చెబుతున్నాను. వేదిక మీద రిబ్బన్ కత్తిరించింది, నాలుగు అడుగులు వేసింది, జనం కోసం భుజానికి బుగ్గ తుడిచింది. వెనకే అన్న. వాడి చెయ్యి ఆ పిల్ల మోచేతికి పైన ఉంది. ఫోటోలో చూస్తే జనంలోంచి కాపాడుతున్నట్టే ఉంటుంది.

నన్ను చూడగానే ఆ పిల్ల, "మా టీచర్ గారు, అన్నా! నా చేత్తో చీర పెడతా," అంది. వాడు నాకు దణ్ణం పెట్టి దారి ఇచ్చాడు. లోపల బట్టలు వేసుకుని చూసుకునే చిన్న గదిలోకి తీసుకెళ్ళింది. గడియ పెట్టింది. ఆ గడియ వంక ఒక క్షణం చూసింది.

"ఇంట్లో నా గదికి లోపలి గడియ ఊడదీయించాడండి," అంది గబగబా. "ఫోన్ వాడి దగ్గరే. ఎప్పుడన్నా నేను కాదంటే కొడతాడు, మొహం మీద మాత్రం కొట్టడండి. మొహం టీవీకి కావాలిగా."

"తప్పు నాదే తల్లీ," అన్నాను.

అవునని అనలేదు, కాదని అనలేదు. "నేను వస్తానండి మీ ఇంటికి. ఎప్పుడో తెలియదు. ఈసారి మాత్రం మీరు..."

బయట తలుపు కొట్టారు. నా చేతిలో ఆకుపచ్చ చీర ఒకటి పెట్టి, నవ్వు మొహం తగిలించుకుని, గడియ తీసింది.

వచ్చింది ఫిబ్రవరిలో, ఒక మంగళవారం మధ్యాహ్నం. గుంటూరులో ఏదో షూటింగు జరుగుతుంటే, బట్టలు మార్చుకునే వ్యానులోంచి దిగి, మిర్చి యార్డు దగ్గర మిరప కూలీల ఆటో ఎక్కింది. మూతికీ ముక్కుకీ తలకీ పాత గుడ్డ చుట్టుకుంది. రాష్ట్రమంతా గుర్తుపట్టే మొహం. పద్నాలుగు మంది ఆడవాళ్ళ మధ్య పదిహేనో ఆడమనిషిగా, తన బొమ్మ అతికించిన ఆటోలోనే మా ఊరు వచ్చింది. మిరప కూలీ మొహం ఎవరు చూస్తారు?

గురువారం ఒంటిగంటకి అన్నాలు తిని చేతులు కడుక్కుంటుంటే గేటు ముందు కారు ఆగింది. సుశీల ఆ పిల్లను వెనక గదిలోకి తోసింది. కౌలు అతను పత్తి నిల్వ చేసిన గది అది, నడుం లోతు పత్తి. అందులో కూర్చుంటే దూది పీచు ముక్కులోకి పోతుంది. తుమ్మితే అయిపోయినట్టే.

వాడు చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. గడ్డం మాసి ఉంది.

"టీచర్ గారూ, మా చెల్లి ఇటొచ్చిందా?"

"రాలేదు," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. వాడి చూపు నా మీద నుంచి పెరటి గుమ్మం వైపు, అక్కడి నుంచి తొట్టి దగ్గరికి వెళ్ళింది. తొట్టి దగ్గర మూడు కంచాలున్నాయి.

"ముగ్గురు తిన్నట్టున్నారే?"

నేనూ ఆ కంచాలనే లెక్కపెట్టాను. సుశీల చీపురు పట్టుకుని వచ్చింది.

"నేను రెండు కంచాల్లో తింటా నాయనా. మీ టీచర్ గారు చూస్తుండగా పథ్యం కూడు ఒకదాంట్లో, ఆవిడ చెయ్యి కడుక్కోడానికి పోతే గోంగూర ఒకదాంట్లో. ఇప్పుడు అడిగి నా బండారం బయటపెట్టావు!"

వాడు నవ్వాడు. నేను కోపం తెచ్చుకుని సుశీల వంక చూశాను. ఆ కోపం ఎట్లా వచ్చిందో నాకు తెలియదు.

"మీరు లేదన్నారు కాబట్టి సరే," అన్నాడు వాడు లేస్తూ. "ఇంకొకళ్ళయితే గది గదీ వెతికేవాణ్ణి. కొట్లో అంతమందిలో ఉన్నమాట చెప్పినావిడ మీరు." వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. వాడి అరచెయ్యి నా పాదం మీద ఉన్నంతసేపూ వెనక గది వైపే చెవి పెట్టాను.

గేటు పడింది. కారు కదల్లేదు. పన్నెండు నిమిషాలు కదల్లేదు. సుశీల, నేను ఎదురెదురుగా కూర్చుని, ఊరికే కందిపప్పు చేటలో పోసి ఏరాము. పదమూడో నిమిషంలో కారు వెళ్ళింది.

శనివారం తెల్లవారాక ఆ పిల్ల మళ్ళీ గుడ్డ చుట్టుకుని కూలీల ఆటోలోనే వెళ్ళిపోయింది. ఎక్కడికో నాకు తెలుసు. అక్కడ తిండికి లోటు లేదు, కాలు కదపడానికి జాగా ఉంది. అంతకుమించి రాయను.

అప్పటి నుంచి వాడు ఐదుసార్లు వచ్చాడు. ఎప్పుడూ ఆదివారమే, ఎప్పుడూ మర్యాదగానే. మొదట్లో "వచ్చిందా?" అనేవాడు. తర్వాత "ఎక్కడన్నా చూశారా?" అన్నాడు. పోయినసారి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "టీచర్ గారూ, ఈసారి వచ్చినప్పుడు మిమ్మల్ని ఒకటే అడుగుతా. అది ఎక్కడుందో మీకు తెలుసా? తీరిగ్గా ఆలోచించి చెప్పండి," అని వెళ్ళాడు.

వాడు చెప్పిన ప్రకారం వచ్చేది ఈ ఆదివారం. ఇంకా నాలుగు రోజులుంది. రోజూ పొద్దున సుశీల వాడి కుర్చీలో కూర్చుని, వాడిలా చేతులు కట్టుకుని నన్ను అడుగుతోంది. నేను జవాబు చెబుతున్నాను. రాలేదు. చూడలేదు. తెలియదు. మొదటి రెండూ ఇప్పుడు గొంతు వణక్కుండా వస్తున్నాయి. మూడోది ఈ పొద్దున కూడా తడబడింది.

"మళ్ళీ," అంది సుశీల.